దిగాల్సిన చోటు

గెలుపుకి ఒక కంపు ఉంటుందన్న సంగతి ఆన్సెల్ డోటీ మరిచిపోయి చాలా కాలమైంది. అతను డెమోక్రాటు. అతని పార్టీ మనిషి అమెరికా ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుని ఇరవై నాలుగేళ్ళు దాటింది. 1884 నవంబరులో క్లీవ్‌లాండ్ గెలిచాడని ఖాయమయ్యేసరికి హార్లో కార్నర్స్ నడివీధి నిండా ఆ కంపు కమ్ముకుంది. బఫెలో నుంచి రైల్లో పీపాలకొద్దీ దిగిన ఆల్చిప్పలు, లోపలి మాంసం మింగి పారేసిన చిప్పల గుట్టలు, వాటి మీద కొట్టుకునే పిల్లులు, కాగడాల కిరసనాయిలు మసి, సందు మొగల్లో తాగినవాళ్ళు కక్కుకున్న మరకలు. ఇన్నేళ్ళు ఎదురు చూసింది దీనికోసమా అనుకుంటూ ఆన్సెల్ ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని పొద్దున్నే తన కొట్టు తలుపు తీసేవాడు.

అతనిది గుర్రపు జీనులూ కళ్ళేలూ కుట్టే కొట్టు. పనివాడిగా చుట్టుపక్కల మంచి పేరే ఉంది కానీ రెండేళ్ళుగా వేళ్ళ కణుపులు ఉబ్బి సూది పట్టు తప్పుతోంది. దళసరి తోలులో సూది దింపాలంటే పళ్ళు బిగించాలి. చలికాలం వస్తే అదీ సాగదు. భార్య థర్జా పక్కన కూర్చుని దారానికి మైనం పట్టించి ఇస్తుంది, కుట్లు ఎంత వంకరగా పడ్డా చూడనట్టే ఊరుకుంటుంది.

ఆ ఏడాది జరిగినంత చండాలపు ఎన్నిక ఊళ్ళో ఎవరూ ఎరుగరు. క్లీవ్‌లాండ్‌కి పెళ్ళి కాకుండానే బిడ్డ ఉన్నాడని, రిపబ్లికన్లు ఉయ్యాలలో గుడ్డబొమ్మను పెట్టి వీధుల్లో ఊరేగించారు. డెమోక్రాట్లేమైనా తక్కువ తిన్నారా? రిపబ్లికన్ల అభ్యర్థి బ్లెయిన్ రైలు కంపెనీలకు అమ్ముడుపోయాడని పాట కట్టి, చావు బాజా వాయించుకుంటూ అతని దిష్టిబొమ్మను లాక్కుపోయారు. ఆదివారం పూట చర్చిలో ఒకే పుస్తకంలోకి తొంగి చూస్తూ కీర్తనలు పాడే మనుషులే ఇదంతా చేసింది. ఫలితం తేలడానికి రెండు వారాలు పట్టింది. అన్నాళ్ళూ ఇవాళ మేమంటే రేపు మేమని రెండు పార్టీలూ వంతులవారీగా గెలిచి, వంతులవారీగా తాగాయి. ఎవడి నోరూ శుభ్రంగా లేదు. ఆన్సెల్‌కి తన పార్టీవాళ్ళ మొహాలు చూసినా రోతే, ఎదుటి పార్టీవాళ్ళ మొహాలు చూసినా రోతే.

ఒక్క మొహం మినహాయింపు. అది లైమన్ క్రాండల్‌ది.

లైమన్ రిపబ్లికన్, ఊరి పోస్టుమాస్టరు. ఈ దేశంలో ప్రెసిడెంటు పార్టీ ఏదో పోస్టాఫీసూ దానిదే. లైమన్ తన చిల్లరకొట్టు మూలన చెక్క గూళ్ళు బిగించుకుని, పార్టీ పుణ్యమా అని ఇన్నేళ్ళూ ఉత్తరాలు పంచుతూ వచ్చాడు. ఇద్దరిదీ చిన్నప్పట్నుంచీ 'ఒరే' అంటే 'ఒరే' అనుకునే స్నేహం. అరవయ్యో సంవత్సరం ఎన్నికల్లో ఇద్దరూ పందెం వేసుకున్నారు. ఓడినవాడు గెలిచినవాణ్ణి ఒంటిచక్రం బండిలో కూర్చోబెట్టి నడివీధిలో తొయ్యాలి. ఇదేమీ వింత పందెం కాదు, ఎన్నికలైతే ఏ ఊళ్ళోనైనా ఇలాంటివి పది కనపడతాయి. ఆన్సెల్ ఓడాడు. జీనుల కొట్టు దగ్గర్నుంచి చర్చి ముందున్న గుర్రాల నీళ్ళ తొట్టి దాకా లైమన్ని తోశాడు. తిరుగుదారికి బండి మళ్ళించబోతుంటే లైమన్ టక్కున కిందికి దూకాడు.

"ఇంక నువ్వెక్కరా," అన్నాడు.

"ఓడింది నేనైతే నేనెక్కడమేంట్రా?"

"గెలిచినవాడు నాకెంత ప్రెసిడెంటో నీకూ అంతే ప్రెసిడెంటు. సగం దారి కూర్చున్నాను, చాలు. ఎక్కు, జనం చూస్తున్నారు."

అలా మొదలైంది. ఆ తరవాత ఎన్నిక వచ్చినప్పుడల్లా ఆన్సెల్ ఓడడం, తొట్టి దాకా తొయ్యడం, తొట్టి దగ్గర లైమన్ దిగి అతన్ని వెనక్కి తొయ్యడం. మధ్యలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల యుద్ధం వచ్చింది. లైమన్ వర్జీనియాలో ఎడమ మోకాలికి తూటా తగిలించుకుని కుంటుకుంటూ వచ్చాడు. అయినా తన సగం దారి మానలేదు. డెబ్బై ఆరులో మాత్రం తగువైపోయింది. ఆ ఏడు రిపబ్లికన్లు ఎన్నిక దొంగిలించారని ఆన్సెల్ నమ్మకం. 'నేను ఓడలేదు, తొయ్యను' అని కొట్టు తలుపు మూసుకుని కూర్చున్నాడు. లైమన్ తానే బండి తోసుకుంటూ వచ్చి తలుపు తట్టాడు.

"దొంగతనమో కాదో నాకు తెలీదురా. నీకు అన్యాయం జరిగిందని నీకనిపిస్తోంది కదా, నాకది చాలు. కూర్చో."

ఫలితం తేలేసరికి మార్చి వచ్చింది. ఆ బురదలో కుంటికాలితో రెండు వైపులా తానే తోశాడు. తన పార్టీవాళ్ళు గేలి చేస్తే, 'మీకు పనేం లేదట్రా' అని తిట్టి పంపాడు. ఆ ఊళ్ళో ఇంత మర్యాదైన పని ఇంకొకటి జరగలేదని ఆన్సెల్ చాలాసార్లు అనుకున్నాడు. పైకి ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు మొదటిసారి ఆన్సెల్ గెలిచాడు. బండి ఎక్కే వంతు అతనిది, తొట్టి దగ్గర దిగే వంతూ అతనిదే.

శనివారం ఊరేగింపు అనగా గురువారం మధ్యాహ్నం ఫినియస్ స్కోవిల్ కొట్టుకి వచ్చాడు. ఆ జిల్లా డెమోక్రాట్లకు అతనే పెద్ద, ప్లీడరు. యుద్ధానికి తన బదులు డబ్బిచ్చి ఒక ఐరిష్ కుర్రాణ్ణి పంపి, తరవాత ఇరవయ్యేళ్ళూ యుద్ధం గురించి ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి. పుల్లతో పళ్ళ సందుల్లోంచి ఆల్చిప్ప మాంసం తీసుకుంటూ, దాన్ని ఒకసారి చూసుకుని, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. ఆన్సెల్ చూపు తిప్పుకున్నాడు.

"వేళ్ళెలా ఉన్నాయోయ్?"

"ఉన్నాయండీ."

"పోస్టాఫీసు పనికి సూది పట్టక్కర్లేదులే. ముద్ర కొట్టడమేగా. నీ పేరే రాసి పంపుదామనుకుంటున్నాను. ఇంకో ఎనిమిది మంది నా గుమ్మం అరగదీస్తున్నారనుకో."

"మీ దయండీ."

"ఒక మాట. శనివారం ఆ తొట్టి దగ్గర దిగడాలూ గిగడాలూ పెట్టుకోకు. వాడే తోస్తాడు, రెండు వైపులా."

ఆన్సెల్ చేతిలో తోలు పక్కన పెట్టాడు. "అది మా ఇద్దరి మధ్య మాటండీ స్కోవిల్ గారూ. అరవయ్యో ఏటి నుంచీ ఉన్న మాట."

"ఇద్దరి మధ్య మాటైతే మీ పెరట్లో తోసుకోండి, ఎవడొద్దన్నాడు? నడివీధిలో తోస్తే అది పార్టీ మాట. ఇరవై నాలుగేళ్ళు మన నెత్తినెక్కి కూర్చున్నారు. జనం ఆ మెడ వంగడం చూడాలనుకుంటున్నారు. నువ్వు దిగి వాడికి సేవ చేస్తే, నా దగ్గరున్న ఎనిమిది మందీ ఏమంటారు? డోటీ సగం రిపబ్లికన్ అంటారు. సగం రిపబ్లికన్‌కి పోస్టాఫీసెలా ఇమ్మంటావు చెప్పు."

"లైమన్ మంచివాడండీ."

"ఎవరు కాదన్నారు? మంచివాడు కాబట్టే తోస్తాడు."

అని నవ్వి, పుల్ల నేలమీద పారేసి వెళ్ళిపోయాడు. ఆ పుల్లను కాలితో తోసి చెత్తలో వెయ్యడానికి కూడా ఆన్సెల్‌కి మనసొప్పలేదు. పట్టకారు తెచ్చి ఎత్తాడు.

థర్జా లోపలి గదిలోంచి అంతా వింది. "ఏం చేస్తావు?" అంది.

"చూద్దాం."

"చూసేదేముందయ్యా? దిగుతావు, లేకపోతే దిగవు. దిగితే ఈ చలికాలం నేనే కుడతాను. నా చేతులు బాగానే ఉన్నాయి."

ఆ మాట విని ఆన్సెల్‌కి ఊరట కలగాలి. సిగ్గేసింది. పెళ్ళాం తోలు కుడుతుంటే తాను పొయ్యి దగ్గర కూర్చోవడం కళ్ళ ముందు కనిపించింది. లైమన్‌కి ముందే ఒక మాట చెప్పేస్తే సరిపోతుంది కదా అని దారి వెతుక్కున్నాడు. పరిస్థితి ఇదిరా, పైపైకి అలా కానిచ్చేద్దాం అంటే వాడు అర్థం చేసుకుంటాడు. వాడికి ఎటూ పోస్టాఫీసు పోతుంది. ఎవడో తాగుబోతు చేతిలో పడే కన్నా నీ చేతిలో పడితే మేలురా అని వాడే అన్నాడు, మొన్ననే.

శుక్రవారం సాయంత్రం చిల్లరకొట్టుకి వెళ్ళాడు. లైమన్ గూళ్ళలో ఉత్తరాలు సర్దుతున్నాడు.

"రారా ప్రెసిడెంటూ," అన్నాడు తల తిప్పకుండానే. "రేపు పొద్దున్న కాస్త తక్కువ తిని రా. ఈ మధ్య బాగా బరువెక్కావు. నా మోకాలు అసలే ఎముకల వైద్యుడి చేతిలో ఉంది."

"ఒరే లైమన్..."

"ఏంటి?"

ఆన్సెల్ నోట్లో మాట ఉంది. నాలిక మీద దాకా వచ్చింది. అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఏం లేదు. రేపు చలి ఎక్కువుంటుందట. కోటు వేసుకో."

"నాకు చెమటే పడుతుందిలే నిన్ను తొయ్యడానికి. చలి నీకు, కూర్చునేవాడివి నువ్వు కదా."

శనివారం నడివీధి రెండు పక్కలా జనం. ఊరి జనమే కాదు, పక్క ఊళ్ళ నుంచి కూడా స్కోవిల్ బళ్ళు కట్టించి రప్పించాడు. బండి ముందు కాళ్ళు కట్టేసిన కోడిపుంజును వేలాడదీశారు. అది డెమోక్రాట్ల గుర్తు. తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ అరుస్తోంది. గెలిచిన గుర్తుకి పట్టిన గతి చూడు అనుకున్నాడు ఆన్సెల్. లైమన్ శుభ్రంగా దువ్విన నల్లకోటు వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. ఓడినవాడి మొహం కాదు అది, చర్చికి బయల్దేరిన మనిషి మొహం.

"దాన్ని విప్పండయ్యా, పాపం," అన్నాడు కోడిని చూసి. ఎవరూ విప్పలేదు.

బండి కదిలింది. మొదట కేకలు, ఈలలు. వాటికి లైమన్ నవ్వాడు. చిల్లరకొట్టు దాటగానే మొదటి ఆపిల్ వచ్చి అతని భుజం మీద పగిలింది. కుళ్ళిన ఆపిల్. తోటల్లో రాలి ఏ పందీ తినని సరుకు బస్తాలతో తెచ్చుకున్నారు. విసిరింది ఎవడో దారినపోయేవాడు కాదు. ప్రతి ఆదివారం చర్చిలో చందా పళ్ళెం పట్టుకు తిరిగే పెద్దమనిషి. విసిరి, చెయ్యి పంట్లానికి తుడుచుకుని, భార్య వైపు చూసి మెచ్చుకోమన్నట్టు నవ్వాడు. ఆ తరవాత ఇక లెక్కలేదు. టోపీ ఎగిరిపోయింది. ఎవడో గుడ్డు కొట్టాడు. సొన లైమన్ చెవి మీదుగా మెడలోకి కారింది. ప్రాట్ వాళ్ళ ఇంటి ముందు నుంచి గుర్రపు పేడ ముద్ద వచ్చి అతని ఛాతీ మీద పడింది. ఆ ఇంటి చిన్నకొడుకు యుద్ధంలో పోయాడన్న ఉత్తరం వచ్చిన రోజు, లైమన్ గూట్లో పెట్టి ఊరుకోలేదు. తానే కుంటుకుంటూ వెళ్ళి, చదివి వినిపించి, ఆ తల్లి పక్కన కూర్చున్నాడు. పేడ విసిరింది ఆ తల్లి పెద్దకొడుకు.

లైమన్ ఆగి తుడుచుకోలేదు. రెండు చేతులూ బండి పిడుల మీదే ఉన్నాయి. అవి వదిలితే ఆన్సెల్ పడతాడు.

ఆన్సెల్ మీద ఒక్కటీ పడలేదు. మనవాడు కదా, గురి చూసి విసిరారు. ఆ ఆపిల్ పులుపు కంపు, పేడ కంపు, కోడి అరుపులు, చుట్టూ తెరుచుకున్న నోళ్ళు, ఆ నోళ్ళలో గారపట్టిన పళ్ళు. వీళ్ళా నావాళ్ళు? వీళ్ళు గెలవాలనా నేను ప్రతిసారీ ఓటేసింది? లేచి నిలబడి ఒక్కొక్కణ్ణీ చెడామడా తిట్టాలనిపించింది. అనిపించడంతోనే సరి. కూర్చునే ఉన్నాడు.

నీళ్ళ తొట్టి వచ్చింది. లైమన్ బండి దించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. గుడ్డు సొన గడ్డం కింద గడ్డకడుతోంది. తొట్టిలో చేతులు కడుక్కుని ఆన్సెల్ వైపు చూశాడు. జనం మెడలు సాచి ముందుకు జరిగారు. చర్చి మెట్ల మీద స్కోవిల్ పొట్ట మీది గడియారపు గొలుసు సవరించుకుంటున్నాడు.

"ఏరా," అన్నాడు లైమన్ మెల్లగా, "కాళ్ళు తిమ్మిరెక్కాయా?"

ఆన్సెల్ తల దించుకున్నాడు. తన ఒళ్ళోని చేతులు కనిపించాయి, వాచిన కణుపులతో. వాటివంకే చూస్తూ ఉండిపోయాడు.

లైమన్ మెట్ల మీది స్కోవిల్‌ని చూశాడు, మళ్ళీ ఆన్సెల్‌ని చూశాడు. అతనికి విడమరిచి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. వంగి పిడులు పట్టుకున్నాడు. బండిని తొట్టి చుట్టూ తిప్పి వచ్చిన దారినే తోశాడు. జనం గోల మిన్నుముట్టింది. బస్తాల్లో సరుకు ఇంకా మిగిలే ఉంది.

తిరుగుదారి పల్లం. బండి ముందుకు లాక్కుపోతుంటే కుంటికాలితో ఆపుకోవడం లైమన్‌కి కష్టమైంది. అతని ఊపిరి ఆన్సెల్ వీపుకి తగులుతోంది. సగం దారిలో ఆన్సెల్‌కి ఇక భరించడం చేతకాలేదు.

"ఆపరా. దిగుతాను."

"కూర్చో."

"నీకు దణ్ణం పెడతాను, ఆపు. నేను తోస్తాను."

"దిగాల్సిన చోటు దాటిపోయింది, ఆన్సెల్. ఇక్కడ దిగితే నామీద జాలిపడి దిగినట్టుంటుంది. నాకు జాలి అక్కర్లేదు. కూర్చో."

కొంత దూరం పోయాక, ఆయాసంతో, "డెబ్బై ఆరులోనూ రెండు వైపులా తోశాను," అన్నాడు. "అప్పుడు నువ్వింత బరువు లేవు."

కొట్టు ముందు బండి దించాడు. ముందుకు వచ్చి కోడిపుంజు కాళ్ళు తానే విప్పి వదిలేశాడు. ఎవరో అందించిన టోపీ దులిపి పెట్టుకుని, మళ్ళీ దాన్ని ఎత్తి, ఊరందరి ముందూ నిండుగా నమస్కారం చేశాడు.

"అభినందనలు డోటీ గారూ. మీ ప్రెసిడెంటు నాకూ ప్రెసిడెంటే."

కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆల్చిప్పల విందులో ఆన్సెల్‌ని స్కోవిల్ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వీపు చరిచాడు. ఆ చెయ్యి జిడ్డుగా ఉంది. ఆన్సెల్ ఒక ఆల్చిప్ప నోట్లో వేసుకున్నాడు. అది చల్లగా, జారుడుగా, బతికున్నట్టు నాలిక మీద కదిలింది. మింగలేక, ఉమ్మలేక, ఉపన్యాసం అయ్యేదాకా నోట్లోనే పెట్టుకుని, చివరికి జేబురుమాల్లోకి వదిలాడు. ఇంటికి వెళ్ళేసరికి థర్జా మేలుకునే ఉంది. అతని కోటు తీసుకుని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒక్క మరక కూడా లేదు," అంది.

కోటు మేకుకి తగిలించి పడుకుంది.

వసంతంలో కొత్త ప్రెసిడెంటు కుర్చీ ఎక్కాడు, ఆన్సెల్ పోస్టుమాస్టరయ్యాడు. అప్పగింతల రోజు లైమన్ ఆన్సెల్ కొట్టుకి మార్చడానికి చెక్క గూళ్ళు తుడిచి, ఇత్తడి ముద్ర తళతళలాడేలా తోమి ఉంచాడు. ఎవరి ఉత్తరాలు ఎవరి చేతికే ఇవ్వాలి, ఏ ముసలమ్మకి చదివి పెట్టాలి, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ప్రతి మాటకీ చివర 'డోటీ గారూ'. జిల్లా పత్రిక ఒకటి దీన్ని మొదటి పేజీలో వేసింది. రెండు పార్టీల మధ్య ఇంతటి మర్యాద నేటి రోజుల్లో అరుదని, యావద్దేశానికీ హార్లో కార్నర్స్ ఆదర్శమని రాసింది. స్కోవిల్ దాన్ని కత్తిరించి పోస్టాఫీసు గోడకి అంటించమని పంపాడు. ఆన్సెల్ దాంతో పొయ్యి రాజేశాడు.

ఆ తరవాత రోజూ పొద్దున్నే లైమన్ టపాలో వచ్చే తన పత్రిక కోసం వచ్చేవాడు. టోపీ తీసి, "నమస్కారం డోటీ గారూ," అనేవాడు. పత్రిక తీసుకుని, "ధన్యవాదాలండీ," అని వెళ్ళేవాడు. ఒక్క రోజూ మొహం చిట్లించలేదు, ఒక్క పొల్లు మాట అనలేదు. తిట్టు, ఒక్కసారి నోరారా తిట్టు అని ఆన్సెల్ లోపల మొత్తుకునేవాడు. ఒకరోజు పైకే అనేశాడు. "ఒరే లైమన్, ఒక మాట అనేసి కడిగెయ్యరాదట్రా?"

"నేనేమనాలండీ? మీరు పోస్టుమాస్టరు గారు. మర్యాద ఇవ్వడం మా ధర్మం."

ఆ మర్యాద పేడ ముద్ద కన్నా గట్టిగా తగిలింది. ఏరు దాటి తెప్ప తగలేసినవాడికి దక్కే మర్యాద అది, సరిపడా తగలాల్సిందే అనుకున్నాడు ఆన్సెల్. జీతం వస్తోంది, వేళ్ళకి విశ్రాంతి దొరికింది. పోస్టాఫీసుకి వచ్చే ప్రతివాడి మొహంలో అతనికి ఆపిల్ విసిరిన చెయ్యే కనిపించేది. స్కోవిల్ వస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. అన్నిటికన్నా రోత పుట్టించేది గడ్డం గీసుకునేటప్పటి అద్దం.

నాలుగేళ్ళయ్యాక మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఈసారి రిపబ్లికన్ హారిసన్ గెలిచాడు. ఊళ్ళో మళ్ళీ ఆల్చిప్పల పీపాలు దిగాయి. అదే కంపు, చేతులే వేరు. పందేల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ శనివారం ఆన్సెల్ పాకలోంచి ఒంటిచక్రం బండి బయటికి లాగి, ఆనాడు మరక పడని కోటే వేసుకుని, లైమన్ ఇంటి ముందు నిలబడి పిలిచాడు.

లైమన్ గుమ్మంలోకి వచ్చాడు. చేతికర్ర పట్టుకున్నాడు ఇప్పుడు.

"ఎక్కు," అన్నాడు ఆన్సెల్. "ఓడిపోయాను."

"శ్రమ ఎందుకండీ డోటీ గారూ? ఆ రోజులు పోయాయి." అని తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

ఆన్సెల్ ఖాళీ బండిని తన కొట్టు దాకా తెచ్చి, అక్కడ తొట్టి వైపు మళ్ళించి, నడివీధి మధ్యలోంచి తొయ్యడం మొదలుపెట్టాడు. చక్రం తుప్పుపట్టి కీచుమంది. జనం బయటికి వచ్చారు. పోస్టుమాస్టరుకి మతి పోయిందనుకున్నారు.

"ఎవర్నోయ్ తోస్తున్నావు?" అని స్కోవిల్ తన ఆఫీసు కిటికీలోంచి అరిచాడు. "నీ ఉద్యోగాన్నా?"

ఆన్సెల్ తల తిప్పలేదు. గెలిచిన రిపబ్లికన్ల బస్తాల్లోనూ కుళ్ళిన ఆపిళ్ళున్నాయి. ఎవరికోసమో దాచుకున్నవి, ఇతనే దొరికాడు. ఒకటి వీపు మీద, ఒకటి చెంప మీద. ఆపి తుడుచుకోలేదు. తొట్టి దగ్గర బండి దించి, చేతులు కడుక్కుని, ఎవరో దిగుతున్నట్టు, ఆ ఎవరో దిగేదాకా పట్టేంత సేపు ఊరికే నిలబడ్డాడు. తరవాత వంగి పిడులు పట్టుకుని ఖాళీ బండిని మళ్ళీ వెనక్కి తోశాడు. చిల్లరకొట్టు కిటికీ తెర వెనక ఎవరో ఉన్నట్టనిపించింది. నిజమో కాదో అతను చూడలేదు.

ఇంటికి వెళ్ళాక థర్జా కోటు తీసుకుని దీపం దగ్గర తిప్పి చూసింది. పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళు పోసి రుద్దింది.

సోమవారం పొద్దున్న లైమన్ పత్రిక కోసం వచ్చాడు. కర్ర గోడకి ఆనించాడు. టోపీ తియ్యలేదు. గూళ్ళవైపు చూశాడు.

"చక్రానికి నూనె లేదు," అన్నాడు. "ఆ కీచు మా ఇంటి వెనక పశువులపాక దాకా వినపడింది. సిగ్గులేకపోతే సరి. తొంభై రెండు ఎన్నికకైనా నూనె పెట్టించు."

ఆన్సెల్ పత్రిక తీసి బల్ల మీద పెట్టాడు.

"పెట్టిస్తాను," అన్నాడు. "నువ్వు కాస్త తక్కువ తిను ఈలోగా. బరువెక్కావు."

"ఛీ, నోర్ముయ్యరా," అని లైమన్ పత్రిక లాక్కుని, కర్ర అందుకుని వెళ్ళిపోయాడు.